హాలండ్ వారి ఎడమచేతి సైన్యం

గురువారం ఉదయం ఏడున్నరకి మా అమ్మాయి శిరీష మమ్మల్ని నేపర్‌విల్ స్టేషన్ ముందు దింపింది. కారు అద్దం దించి, "మమ్మీ, డాడీ, సాయంత్రం లోపల మీరిద్దరూ ఏదో ఒకటి డిసైడ్ చేయండి ప్లీజ్. ఆదివారం ఏ చెయ్యో నాకు క్లారిటీ కావాలి. ఎనిమిదింటికి నాకు కాల్ ఉంది," అని చెప్పి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం మిగిలాం. నా చేతిలో నోటుబుక్కు, భూతద్దం ఉన్నాయి. మా ఆవిడ రాజ్యలక్ష్మి చేతిలో పులిహోర డబ్బా ఉంది.

మేం చూడబోయేది పదిహేడో శతాబ్దపు హాలండ్ యుద్ధరంగాలు. కంగారుపడకండి, హాలండ్ దాకా వెళ్ళక్కర్లేదు. ఆ యుద్ధాలన్నీ కాగితాల మీద బొమ్మలుగా, చికాగోలో ఒక పెద్ద మ్యూజియంలో, అట్టపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. మా ఊరి నుంచి రైల్లో గంట దూరం. ముందుగా ఈమెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఎవరికైనా చూపిస్తారు. నేను రెండు వారాల ముందే రాశాను.

అసలు ఈ వయసులో మాకు యుద్ధాలతో పనేమిటో చెప్పాలి. ఆదివారం విజయదశమి. మా మనవరాలు తన్వికి ఆ రోజు గుళ్ళో అక్షరాభ్యాసం. తన్వి ఎడమచేతివాటం పిల్ల. క్రేయాన్ పట్టుకున్నా, చెంచా పట్టుకున్నా, పక్కింటి పిల్లి తోక పట్టుకున్నా ఎడమచెయ్యే. బియ్యం పళ్ళెంలో 'ఓం' అని ఏ చేత్తో రాయాలన్నది మా ఇంట్లో మూడు వారాలుగా నడుస్తున్న గొడవ.

"దేవుడి దగ్గర ఎడమచెయ్యేమిటండీ? ఆ ఒక్కరోజూ కుడిచేత్తో రాయించేద్దాం, తర్వాత దాని ఇష్టం," అంటుంది రాజ్యం.

ఆ ఒక్కరోజు సంగతి నాకు బాగా తెలుసు. తెనాలిలో నా అక్షరాభ్యాసం నాడు నేను ఎడమచెయ్యి చాపితే, మా మాస్టారు దాన్ని తువ్వాలుతో నడుముకి కట్టేశారు. రెండో తరగతి దాకా విప్పలేదు. చివరికి కుడిచేత్తో రాయడం వచ్చింది కానీ, ఆ రాతని నేను కూడా చదవలేను. అదృష్టం బాగుండి డాక్టర్నయ్యాను కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. తినడం, రాయడం కుడిచెయ్యి. మిగతా బతుకంతా ఎడమచెయ్యి. ముప్ఫై నాలుగేళ్ళు పళ్ళ డాక్టరుగా పనిచేసి, ఇలినాయ్ జనం పళ్ళు ఎడమచేత్తోనే పీకాను. కుడిచేత్తో పీకమని ఒక్కరూ అడగలేదు.

ఇలా ఉండగా మా వీధి చివర ఒకరు ఇంట్లో పాత సామాన్లు అమ్ముతూ గరాజ్ సేల్ పెట్టారు. అక్కడ పాత టోస్టర్‌కీ, స్కేటింగ్ బూట్లకీ మధ్య ఒక ఫ్రేము కట్టిన బొమ్మ కనిపించింది. నలుపు తెలుపుల్లో యుద్ధం. గుర్రాలు, పొగ, టోపీలు, కింద పడ్డవాళ్ళు. కింద సన్నటి అక్షరాల్లో పదిహేడో శతాబ్దపు డచ్, అంటే హాలండ్ వారి, ఎచింగ్‌కి నకలు అని ఉంది. ఎచింగ్ అంటే రాగిరేకుకి మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసిన చోటల్లా యాసిడ్ రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి తడి కాగితం మీద అచ్చు తీస్తారు. నేనూ సర్వీసంతా సిమెంటు పట్టడానికి జనం పళ్ళకి యాసిడ్ పూసినవాణ్ణే కాబట్టి, ఇది మనవాళ్ళ పనే అనిపించి కొనేశాను.

ఇంటికొచ్చి గోడకి తగిలించి చూద్దును కదా, గుర్రం మీద ఉన్న ప్రతివాడూ కత్తి ఎడమచేత్తో పట్టుకున్నాడు! లెక్కపెట్టాను. ఇరవై మూడు కత్తులు, ఇరవై మూడు ఎడమచేతులు. పిస్తోలు పేల్చేవాడూ ఎడమే. బూర ఊదేవాడూ ఎడమే. నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. వారం తిరిగేసరికి నోటుబుక్కులో ఒక సిద్ధాంతం తయారైంది. ఎడమచేతి దెబ్బ ఎటు నుంచి వస్తుందో అవతలివాడికి తెలియదు. అందుకే అంత చిన్న హాలండ్ అంత పెద్ద స్పెయిన్‌ని ఎదిరించి నిలబడింది. ఎడమచేతివాళ్ళని ఏరి ఏరి సైన్యంలో చేర్చుకున్నారన్నమాట.

రాజ్యం ఆ బొమ్మ వైపు ఒక్క చూపు చూసి, "అవతలివాళ్ళూ ఎడమచేత్తోనే పొడుస్తున్నారు కదండీ?" అంది.

"అందుకే యుద్ధం అన్నేళ్ళు సాగింది," అన్నాను.

రాజ్యం రిటైరైన పెథాలజిస్టు. సర్వీసంతా మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి కూర్చున్న మనిషి. ఏదైనా తన కళ్ళతో చూస్తే తప్ప నమ్మదు. బాగా ఆలోచించి పందెం కాసింది. "ఒక్క బొమ్మ చాలదు. ఒరిజినల్స్ చూపించండి. సైన్యం సైన్యమంతా ఎడమచేతివాళ్ళేనని ప్రూవ్ చేస్తే, తన్వి ఎడమచేత్తో రాస్తుంది. పంతులుగారికి నేనే చెప్తాను. లేదా, కుడిచెయ్యే. మళ్ళీ ఈ ఇంట్లో మీరు తువ్వాలు కథ ఎత్తకూడదు." సరేనన్నాను. అప్పుడు నా ధైర్యం అలాంటిది.

ఏడూ యాభై ఐదుకి రైలొచ్చింది. రెండంతస్తుల రైలు. పైకెక్కితే చూడ్డానికి బాగుంటుంది కానీ, మెట్లు ఇరుకు, రాజ్యం మోకాళ్ళకి అవి పడవు. సీనియర్లకి టికెట్ తగ్గింపు ఉంటుంది, వయసు కార్డు దగ్గర పెట్టుకోండి. నా తల చూసి కండక్టర్ కార్డు అడగలేదు. అందుకు నేను కొంచెం నొచ్చుకున్నాను.

రెండో స్టాపులో తలకి మంకీక్యాప్ పెట్టుకున్న పెద్దాయన ఎక్కి, మమ్మల్ని చూసి ఎదురుగా కూర్చున్నారు. "మీరు తెలుగోళ్ళే గదా సార్? పులిహోర వాసనకు గుర్తువట్టిన," అన్నారు. జగిత్యాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు, నర్సింహారెడ్డి గారు. ఇంట్లో కూర్చుంటే బోర్ కొడుతుందని వారానికొకసారి చికాగో దాకా వెళ్ళి, స్టేషన్‌లో కాఫీ తాగి, మళ్ళీ అదే రైల్లో తిరిగొస్తారట. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికాడని నేను సిద్ధాంతం మొత్తం విప్పి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారనుకున్నాను.

"మంచిగనే ఉంది సార్," అన్నారు కాసేపటికి. "గని నాకొక్క డౌటు. మా దిక్కు ఎడమచేత్తోని చాయ్ ఇస్తే గూడ తీస్కోరు. గంత సైన్యానికి వడ్డన ఎవరు జేసిన్రు?"

రాజ్యం కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. వడ్డన సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను.

తొమ్మిదింటికి చికాగో చేరాం. నర్సింహారెడ్డి గారు మాకు దండం పెట్టి కాఫీకి వెళ్ళిపోయారు. స్టేషన్ నుంచి మ్యూజియం నడిచేంత దూరమే, కానీ నది వంతెన మీద గాలి మనిషిని వెనక్కి నెడుతుంది. అక్టోబరైనా మఫ్లర్ మర్చిపోకండి. దారిలో ఒకచోట కాఫీ తాగి, కాళ్ళకి రెస్ట్ ఇచ్చి, పదింబావుకి మ్యూజియం మెట్లెక్కాం. లోపల అందరూ రంగురంగుల పెద్ద పెయింటింగుల వైపు పోతుంటే, మేం గార్డుని అడిగి, పక్కనున్న ఒక సన్నటి కారిడార్లోకి తిరిగాం. ఆ చివర తలుపుకి బెల్లు ఉంది.

తలుపు తీసినావిడ పేరు మార్తా. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి కళ్ళజోడు, లైబ్రరీలో మాట్లాడేంత మెల్లటి గొంతు. వెళ్ళదలిచినవాళ్ళు అక్కడి నియమాలు తెలుసుకుని వెళ్ళండి. కోట్లు, సంచులు లాకర్లో పెట్టాలి. పెన్నులు నిషేధం, పెన్సిలే వాడాలి. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోవాలి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు, బొమ్మ మీదకి వంగి మాట్లాడకూడదు, తుమ్మొస్తే అవతలికి తిరగాలి. మా పులిహోర డబ్బాని మార్తా కాసేపు పరిశీలనగా చూసి, దానికి విడిగా ఒక లాకరు ఇచ్చింది. ఇంగువ వాసన తాళం కన్నంలోంచి కూడా వస్తూనే ఉంది.

పదిన్నరకి పెద్ద బల్ల మీద మొదటి పెట్టె తెరిచింది. ఒక్కొక్క బొమ్మా ఒక్కో అట్టలో ఉంది. మార్తా అట్ట మూత ఎత్తింది. గరాజ్ సేల్ బొమ్మలో మసిలా కనిపించిన చోట ఇక్కడ వెంట్రుక కంటే సన్నటి గీతలు. గుర్రం ముక్కుపుటాల్లో ఆవిరి, పేలిన పిస్తోలు చుట్టూ ఉండచుట్టుకున్న పొగ, బురదలో కూరుకుపోయిన ఒక బూటు. అరచెయ్యంత బొమ్మలో వందమంది ఉన్నారు. ఆ వందమందీ కత్తులు, ఈటెలు, పిస్తోళ్ళు ఎడమచేత్తో పట్టుకున్నారు.

నేను భూతద్దం పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండో బొమ్మ, ఎడమ. మూడో బొమ్మ, ఎడమ. నాలుగో బొమ్మలో ఒకడు చచ్చిపోయి పడి ఉన్నాడు, చచ్చినా కత్తి ఎడమచేతిలోనే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక నా చెయ్యి తప్పు కాని చోట నేను నిలబడటం అదే మొదటిసారి.

రాజ్యం చూసే పద్ధతి వేరు. స్లైడు చూసినట్టే చూస్తుంది. పై మూల నుంచి మొదలుపెట్టి అడ్డంగా చివరిదాకా వెళ్ళి, ఒక మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఒక్క కణం కూడా వదలదు. నేను నాలుగు బొమ్మలు పూర్తి చేసేసరికి ఆమె ఒకటిన్నర దగ్గర ఉంది. ఐదో బొమ్మ దగ్గర నాకు చిన్న ఇబ్బంది వచ్చింది. పెద్ద అశ్వదళాల పోరు అది. అందరూ నా వాళ్ళే. కానీ కింది మూలలో, కాలినడకన పోతున్న ఒక బక్క సైనికుడు కత్తి కుడిచేత్తో పట్టుకున్నాడు.

మళ్ళీ చూశాను. కుడే. మొత్తం సైన్యంలో వీడొక్కడు. ఏ సైన్యంలోనైనా ఒక వెధవ ఉంటాడని సర్దిచెప్పుకుని, రాజ్యం ఆ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మూలకి భుజం అడ్డంపెట్టి నిలబడ్డాను. "ఇది చూసిందేలే, అన్నీ ఒకటే. తర్వాతది చూద్దాం పద," అన్నాను. నా మొహం చూసి రాజ్యం ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

పదకొండున్నరకి మార్తా దగ్గరికి వచ్చి, "డాక్టర్, మీ రిసెర్చ్ దేని గురించి?" అని మర్యాదగా అడిగింది. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. కుర్చీ సర్దుకుని కూర్చుని చెప్పాను. స్పెయిన్, హాలండ్, ఎడమచేతి దెబ్బ, ఏరి ఏరి చేర్చుకోవడం, వడ్డన సమస్య, అన్నీ చెప్పాను. మార్తా మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అయ్యాక లేచి, లోపలి గదిలోంచి అరచెయ్యంత రాగిరేకు ఒకటి తెచ్చింది. విద్యార్థులకి చూపించడానికి ఉంచుకున్నదట. దాని మీద గుర్రపు రౌతు ఒకడు ఉన్నాడు. కత్తి కుడిచేత్తో పట్టుకున్నాడు. పక్కనే ఆ రేకు నుంచి తీసిన అచ్చు కాగితం పెట్టింది. అందులో అదే రౌతు, అదే కత్తి, ఎడమచెయ్యి.

"రేకు మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది, అద్దంలోలాగా," అంది మార్తా చాలా మెల్లగా. ఎవరికైనా చావు కబురు చెప్పాల్సి వస్తే ఈవిడ చేత చెప్పించాలి అనుకున్నాను.

నేను వెంటనే లొంగలేదు. "కింద సంతకం మరి? అక్షరాలు సరిగ్గానే ఉన్నాయే?" అన్నాను.

"అక్షరాలు తిరగబడితే కొనేవాళ్ళు పట్టేస్తారు. అందుకని రేకు మీద వాటిని వెనక నుంచి ముందుకి రాసేవాళ్ళు. సైనికుల చేతుల గురించి ఎవరూ పట్టించుకోరు," అంది మార్తా. "అంటే, ఇవాళ్టిదాకా."

అప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దమైన గదిలో, నా వెనక, నోట్లో మఫ్లర్ కుక్కుకుని రాజ్యం నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వి, తుమ్మొచ్చినట్టు అవతలికి తిరిగి మళ్ళీ నవ్వింది. "ముప్ఫై నాలుగేళ్ళండీ! చేతిలో బుల్లి అద్దం పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ పళ్ళు పీకారు! మిర్రర్ ఇమేజ్ అని ఒక్కసారి కూడా మీకు తట్టలేదా?"

పప్పులో కాలేస్తే కడుక్కోవచ్చు. నేను నిలువునా పడ్డాను. వేల నోళ్ళలో అద్దం పెట్టి, కుడివైపు పన్ను ఎడమవైపు కనిపిస్తే ఒక్కసారి కూడా తడబడకుండా పీకిన మనిషిని. పెన్సిల్ కింద పెట్టేశాను. వెనక్కి చూస్తే ఐదు బొమ్మల నిండా మామూలు కుడిచేతి సైనికులు కనిపించారు. అందరూ మా మాస్టారిలాగే ఉన్నారు.

రాజ్యం కళ్ళు తుడుచుకుని, బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "సరే గానీ, ఆ ఐదోది మళ్ళీ ఒకసారి తీయమనండి. ఇందాక మీరు భుజం అడ్డంపెట్టి దాచిందేదో నేను చూడాలి."

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి చూపించాను. "వాడొక్కడే కుడిచేత్తో పట్టుకున్నాడు. పరువు తీశాడు," అన్నాను.

రాజ్యం వంగబోయి, నియమం గుర్తొచ్చి, ఊపిరి బిగపట్టి చూసింది. తర్వాత మార్తా వైపు చూసింది. ఇద్దరి మొహాల్లోనూ ఒకే ఆలోచన కనిపించింది. నాకు మాత్రం ఇంకొంచెం ఆలస్యమైంది. కాగితం మీద కుడి అయితే, రేకు మీద ఎడమ. అందరినీ కుడిచేతివాళ్ళుగా గీసిన ఆ డచ్చాయన, వీడొక్కణ్ణే ఎడమచేతివాడిగా గీశాడు. ఆ రోజు మేం చూసిన సైన్యాలన్నిటిలోకీ నిఖార్సయిన ఎడమచేతివాడు ఒక్కడే ఒక్కడు!

"ఇరవై రెండేళ్ళుగా ఈ పెట్టె తీస్తున్నాను. వీణ్ణి నేను చూడనేలేదు," అంది మార్తా.

"వాడి రెండో చంకలో ఏమిటది?" అని అడిగింది రాజ్యం.

నా భూతద్దం తీసుకుని మార్తా చూసింది. ఆమె మొదటిసారి నవ్వింది, అదీ గట్టిగా. వాడి చంకలో బాతు ఉంది. మెడ చాపి, నోరు తెరిచి అరుస్తున్న పెద్ద బాతు. ఆ కాలంలో సైనికులు పల్లెల్లో చొరబడి కోళ్ళూ బాతులూ ఎత్తుకుపోవడం మామూలేనట. యుద్ధం వాడి వెనక జరుగుతోంది. వాడు మాత్రం యుద్ధానికి వీపు చూపించి, బాతుని నొక్కిపెట్టుకుని, బొమ్మ అంచు దాటి పోవడానికి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"పొరపాటున అలా గీశాడా, కావాలనా?" అని అడిగాను.

"చెప్పలేం," అంది మార్తా. భూతద్దం నాకు తిరిగిచ్చి, "ఊహించి గీసి ఉంటే అందరిలాగే గీసేవాడు. నిజంగా అలాంటివాణ్ణి ఎక్కడో చూసి ఉంటాడని నాకనిపిస్తోంది. కానీ అది నా ఊహ, రాసుకోకండి," అంది. నేను రాసుకున్నాను.

పన్నెండున్నరకి సెలవు తీసుకున్నాం. ఫ్లాష్ లేకుండా ఒక ఫోటో తీసుకోనిచ్చింది. బయట తోటలో బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. పొద్దున్నుంచి ఊరడం వల్లనో ఏమో చాలా బాగుంది, కానీ నాకు మింగుడుపడలేదు. సైన్యం సైన్యమంతా అని పందెం కాసి, ఒక్కణ్ణి పట్టుకొచ్చాను, వాడు కూడా బాతులదొంగ, పైగా పారిపోతున్నాడు. ఆదివారం తన్వి ఎడమచెయ్యి చాపడం, ఎవరో దాన్ని వెనక్కి తీయడం నా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. నాలుగున్నరేళ్ళ పిల్లకి అది ఒక్కరోజు అని ఎలా తెలుస్తుంది? ఆ పిల్లకి నేను చేయగలిగిన ఒక్క సాయం చేతులారా పాడుచేశాననిపించి చాలా బాధేసింది. రాజ్యం ఫోన్లో ఫోటో పెద్దది చేసి చూస్తూ కూర్చుంది. గెలిచిన మనిషి కదా అని నేను కదిలించలేదు.

మూడున్నర రైలు ఎక్కాం. ఆ టైముకి ఆఫీసుల జనం ఇంకా రారు, కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది. పక్క వరసలో ఒక నల్లజాతి ఆవిడ ఊలుతో ఏదో అల్లుతోంది. రైలు కదిలిన పది నిమిషాలకి శిరీష ఫోన్ చేసింది. రాజ్యం స్పీకర్లో పెట్టింది.

"మమ్మీ, డిసైడ్ చేశారా? ఏ చెయ్యి?"

"కుడిచెయ్యేనమ్మా, నేను ఓడిపోయాను," అని నేనే చెప్పబోయాను. 'కుడి' దాకా వచ్చేసరికి రాజ్యం నా మోకాలు గట్టిగా నొక్కింది.

"ఎడమచెయ్యే," అంది. "పంతులుగారితో నేను మాట్లాడతాను, నువ్వు టెన్షన్ పడకు."

ఫోన్ పెట్టేశాక నేను ఆమె వైపు తిరిగాను. "పందెం నువ్వు గెలిచావు కదే?"

"గెలిచాను. అందుకే నా ఇష్టం." ఫోన్లో ఫోటో నా వైపు తిప్పింది. "మూల నుంచి మూలకి అన్నీ చూశానండీ. మూడొందల మంది ఉంటారు. అందరూ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని చావడంలో బిజీ. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకోవాలన్న జ్ఞానం ఉన్నవాడు వీడొక్కడే. మన పిల్ల వీడి పార్టీ అయితే నాకేం అబ్జెక్షన్ లేదు."

 పెళ్ళయిన నలభై తొమ్మిదేళ్ళలో ఈవిడ మీద నాకు ఎన్నోసార్లు కోపమొచ్చింది. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని మనసులో అనుకున్నాను, రెండు మూడు మినహాయించి.

"ఒక్క కండిషన్," అంది. "పళ్ళెం దగ్గర దాని చెయ్యి పట్టుకుని రాయించేది మీరే. పంతులుగారికి ఎడమచెయ్యి రాదు, నాకూ రాదు."

"నాకూ రాదు రాజ్యం," అన్నాను.

"ఏమిటి రాదు?"

"ఎడమచేత్తో రాయడం. పళ్ళు పీకగలను, బంతి విసరగలను, కూర తరగగలను. అక్షరం మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఎవరు రాయనిచ్చారు?"

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. స్లైడులో అనుకోనిదేదో కనిపిస్తే అలాగే చూసేదేమో. ఇన్నేళ్ళూ నా సంతకాలు చూసి, నా కొక్కిరాయి గీతల్ని వెక్కిరించిన మనిషి ఇప్పుడు పర్సు తెరిచింది. వెతికి పెన్ను తీసింది. మ్యూజియం బ్రోషర్ వెనక ఖాళీ ఉన్న వైపు నా ఒళ్ళో పెట్టింది. పెన్ను నా ఎడమచేతిలో పెట్టి, వేళ్ళు సరిచేసింది.

"రాయండి," అంది.

మొదటి ఓం ఎండిన ఒడియంలా వచ్చింది. రెండోది రైలు కుదుపుకి బ్రోషర్ దాటి ప్యాంటు మీదకి పోయింది. మూడోదానికి సున్నా మర్చిపోయాను. "తొందరేం లేదు. పైనుంచి మొదలుపెట్టండి. ఆ, ఇప్పుడు తిప్పండి. ఇంకొంచెం," అంటూ రాజ్యం నా మణికట్టు కింద వేలు ఆనించి పట్టుకుంది. స్టేషన్లు వస్తున్నాయి, పోతున్నాయి. నేను నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాస్తూనే ఉన్నాను.

ఊలు అల్లే ఆవిడ చాలాసేపటి నుంచి చూస్తోంది కాబోలు, ఉండబట్టలేక అడిగింది. "కొత్త భాష నేర్చుకుంటున్నారా సర్?"

"లేదమ్మా, నా భాషే," అన్నాను. "నాకు ఎగ్జామ్ ఆదివారం."

ఆల్ ద బెస్ట్ చెప్పింది. బ్రోషర్‌కి ఒకవైపు నిండిపోతే రాజ్యం రెండోవైపు తిప్పింది. అక్కడ మ్యూజియం వేళలు, మ్యాపు అచ్చువేసి ఉన్నాయి, వాటి మీదే రాశాను. నేపర్‌విల్ ఇంకో రెండు స్టేషన్లుందనగా ఒక ఓం వచ్చింది. కాస్త పక్కకి ఒరిగింది కానీ, సున్నాతో సహా ఎవరైనా చదవగలిగేలా ఉంది. రాజ్యం దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మూల నుంచి మూలకి చూసి, "ఇది పాస్," అంది.

మీరెవరైనా ఆ బొమ్మలు చూడ్డానికి వెళ్తే నావల్ల చెప్పగలిగింది ఇంతే. పొద్దున్న అపాయింట్‌మెంట్ తీసుకోండి, భూతద్దం పట్టుకెళ్ళండి, సిద్ధాంతాలు ఇంట్లో పెట్టి వెళ్ళండి. నాకు యుద్ధాల గురించి తెలిసింది ఏమీ లేదు. డెబ్బై ఆరో ఏట, గురువారం సాయంత్రం నాలుగూ పదికి, నేపర్‌విల్ వెళ్ళే రైల్లో, మా ఆవిడ చేతుల మీదుగా నాకు అక్షరాభ్యాసం అయింది.